హెడ్‌సెట్‌లో అమ్మ గొంతు

మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత గుడి లేదు. ట్రాయ్‌లో ఒక అమెరికన్ చర్చివాళ్ళు తమ ఆరాధన ముగించుకుని వెళ్ళిపోయాక ఆదివారం మధ్యాహ్నం మాకు హాలు అద్దెకిస్తారు. వాళ్ళు వదిలి వెళ్ళిన కాఫీ వాసనలోకి మేం బిర్యానీ వాసన మోసుకెళ్తాం. ఆ విషయం గురించి వాళ్ళు చాలా మర్యాదగా, చాలాసార్లు ఈమెయిల్ పంపారు. మేమూ అంతే మర్యాదగా క్షమాపణ చెప్పి, మళ్ళీ బిర్యానీయే వండుకెళ్ళాం.

ఆ హాలు వెనక ఒక చిన్న గది ఉంది. హాలువైపు గోడకి పెద్ద గాజు కిటికీ. చంటిపిల్లలు ఏడిస్తే తల్లులు ఎత్తుకొచ్చి కూచోడానికి కట్టిన గది అది. ఒక మూల ఉయ్యాల తొట్టి, ఇంకో మూల డయపర్లు మార్చే బల్ల. ఆ రెండింటి మధ్య కుర్చీ వేసుకుని, చేతిలో మైకు పట్టుకుని, నేను ఏళ్ళ తరబడి తర్జుమా చేశాను. మా పాస్టరుగారిని మేమందరం అయ్యగారు అంటాం. ఆయన వేదిక మీద నిలబడి తెలుగులో వాక్యం చెబుతుంటే, తెలుగు అర్థం కాని మా పిల్లల చెవుల్లోకి హెడ్‌సెట్లలోంచి నా గొంతు ఇంగ్లీషులో వెళ్ళేది. ఆ పిల్లల్లో మా అమ్మాయి కూడా ఉండేది.

ఆ పని దేవుడు నాకిచ్చిన పిలుపు అని అప్పుడు నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. ఇన్నేళ్ళ తర్వాత నన్ను బాధిస్తున్నది దాన్ని నేను అంత బాగా చెయ్యడం. ఈ మాట నోటితో చెబితే వినేవాళ్ళు నన్ను ఓదార్చడం మొదలుపెడతారు. నాకు ఓదార్పంటే చిరాకు. అందుకని రాస్తున్నాను.

మొదలైంది మాత్రం ఆ గదిలో కాదు, మా కారులో. అమ్మాయికి అప్పుడు ఏడో ఎనిమిదో ఏళ్ళు. అన్నం తిను, బూట్లు విప్పు, ఆంటీకి నమస్కారం పెట్టు, ఇంతవరకు తెలుగు వచ్చు. అయ్యగారి తెలుగు మాత్రం రాదు. ఆయనది పశ్చిమ గోదావరి. వారమంతా కార్ల సీట్లు తయారుచేసే కంపెనీలో ఇంజినీరు. ఆదివారం వేదికెక్కితే కాలవగట్టు మీద నిలబడి అవతలి గట్టువాళ్ళతో మాట్లాడుతున్నట్టుంటారు. పెద్దవాళ్ళం పగలబడి నవ్వేవాళ్ళం, అంతలోనే కళ్ళు తుడుచుకునేవాళ్ళం. పిల్లలు ఆ గంటసేపూ కార్యక్రమం అచ్చేసిన కాగితం వెనక బొమ్మలు గీసుకునేవాళ్ళు.

ఇంటికి వెళ్ళేటప్పుడు వెనక సీట్లోంచి ప్రశ్న వచ్చేది. "అమ్మా, పాస్టర్ అంకుల్ ఏం చెప్పాడు? అందరూ ఎందుకు లాఫ్ చేశారు?"

నేను చెప్పేదాన్ని. నా ఇష్టమొచ్చినట్టు చెప్పేదాన్ని. తుఫానులో పడవ ఊగిపోతుంటే ప్రభువు నిద్రపోయాడన్న కథ చెప్పినప్పుడు, "నేనా పడవలో ఉంటే ఆయన దుప్పటి లాగేసి కేకలేసేదాన్ని" అన్నాను. "దేవుడి మీద కేకలేయొచ్చా?" అంది. "ఏమో, నేనైతే వేసేదాన్ని. ఆయన లేచాడు కదా మరి" అన్నాను. అది కిలకిలా నవ్వింది. మా ఆయన డ్రైవ్ చేస్తూ, "పిల్లకి ఇలాంటివి నేర్పించు" అని నా వంక చూశారు. కోపంగా కాదు.

ఆ కథ మా అమ్మాయి సండే స్కూల్లో తన మాటల్లో చెప్పిందట, దుప్పటితో సహా. పాస్టరుగారి భార్యని మేం అమ్మగారు అంటాం. ఆవిడ ఆ రోజు భోజనాల దగ్గర నా చెయ్యి పట్టుకున్నారు. "పిల్లకి ఇంత బాగా అర్థమయ్యేలా చెప్పావంటే అది దేవుడిచ్చిందేనమ్మా. మిగతా పిల్లలకి ఎవరు చెబుతారు? నువ్వే చెప్పాలి. ఇది నీ పిలుపు" అన్నారు. ఆవిడ చేతిలో ఇంకా గరిటె ఉంది. ఆ మాట నా గుండెల్లో ఎంత లోతుగా దిగిందో చెప్పలేను. అప్పటిదాకా నేను ఆఫీసుకి వెళ్ళే మనిషిని, ఇంటికి వచ్చే మనిషిని. నన్ను ఫలానా పనికోసం ఒకరు పిలిచారన్న ఆలోచనే కొత్తగా ఉంది.

సంఘం హెడ్‌సెట్లు కొన్నది. మా ఆయన వైర్లు కలిపారు. మొదటి ఆదివారాలు నవ్వుల పాలయ్యాయి. అయ్యగారు ఊపులో, "దేవుడి చెవిలో పువ్వులు పెడదామనుకుంటున్నారా?" అన్నారు. నేను ఆ మాటని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో అనేశాను. హాల్లో పిల్లలందరూ ఒక్కసారి తలలెత్తి గాజు కిటికీవైపు చూశారు. ఒక పిల్ల పక్కపిల్లని ఏ పువ్వు అని అడగడం నాకు కనబడుతూనే ఉంది.

ఆ ఎండాకాలం, కూతురింటికి వచ్చిన ఒక పెద్దాయన మా సంఘానికి వచ్చారు. ఆంధ్రలో ఎక్కడ పెద్ద కూటాలు జరిగినా, విదేశీ ప్రసంగీకుల పక్కన నిలబడి జీవితమంతా తర్జుమా చేసిన మనిషి. నా తిప్పలు చూసి నవ్వి, ఆ గదిలోనే డయపర్ల బల్లకి ఆనుకుని నాకు పాఠం చెప్పారు. "తర్జుమా చేసేవాళ్ళు గొట్టం లాంటివాళ్ళమ్మా. నీళ్ళు రావాలి గాని గొట్టం రుచి రాకూడదు. నవ్వొచ్చినా ఏడుపొచ్చినా అది చెప్పేవాడిది, నీది కాదు. గొంతు వణికిందా, వినేవాళ్ళు నీ గురించి ఆలోచిస్తారు. దేవుడి గురించి ఆలోచించరు."

నేను చేసే ఉద్యోగం కార్ల బ్రేకుల సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించడం. అందులో మొదటి నియమం, ఏం జరిగిందో రాయాలి, నీకేమనిపించిందో రాయకూడదు. పెద్దాయన మాట నాకు కొలతలిచ్చి కుట్టించుకున్న జాకెట్టులా సరిపోయింది.

ఇక నా పద్ధతులు మొదలయ్యాయి. తెల్లవారకముందే లేచి మోకాళ్ళ మీద కూచుని, ఒక అధ్యాయం తెలుగులో పైకి చదివి, మళ్ళీ ఇంగ్లీషులో పైకి చదివేదాన్ని. జ్వరమొచ్చినా మానలేదు. శనివారం అయ్యగారు ఆదివారం చెప్పబోయేదాని సారాంశం వాట్సాప్‌లో పంపేవారు. అది వచ్చిందంటే ఆ రోజు నాది కాదు. పుట్టినరోజు పార్టీలు, తలో వంటా తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లు, మా ఆయన స్నేహితుల ఇళ్ళు, అన్నీ మానేశాను. ఆదివారం ఆరాధన అయ్యేవరకు ఉపవాసం. గొంతు కోసం కాఫీ బంద్. ప్రసంగం అయ్యాక సాయంత్రం దాకా గొంతుకి విశ్రాంతి. మా ఆయన దీన్ని మా ఇంటి మిలిటరీ క్యాంపు అనేవారు. అనుకోండి, అన్నాను. విశ్వాసం అంటే ఊగిపోవడం, పాడటం, ఏడవడమే అనుకునే సంఘంలో, వారం వారం తప్పకుండా ఒక పని పద్ధతిగా చేసి దేవుడికి ఇవ్వడం నాకు ఎంతో గౌరవంగా అనిపించేది. ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ విషయంలో ఎవరేమన్నా నేను తగ్గను.

కాని ఒకటి జరిగింది. కారులో వెనక సీట్లోంచి ప్రశ్న వచ్చినప్పుడు నేను గొంతు చూపించి, మాట్లాడలేనని చేత్తో సైగ చేసేదాన్ని. ఒకోసారి, "ఇప్పుడే కదా విన్నావు" అని గుసగుసగా అనేదాన్ని. నిజమే మరి, అంతా నా నోటితోనే వింది. కొన్నాళ్ళకి అది అడగడం మానేసి కిటికీలోంచి బయటికి చూడటం నేర్చుకుంది. పిల్ల పెద్దదవుతోంది, బుద్ధిగా ఉంటోంది అనుకున్నాను.

అమ్మాయికి పదేళ్ళు దాటుతుండగా నాకు మళ్ళీ కడుపొచ్చింది. చాలాకాలం ఎదురుచూశాం. అది తన గదిలో బట్టల బీరువాలో ఒక సొరుగు ఖాళీ చేసి, సాక్సులన్నీ కింద సొరుగులో కుక్కేసి, ఇది బేబీది అని చూపించింది. నెలలు నిండకుండానే బిడ్డ పోయాడు. మగపిల్లాడు. నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మా ఆయన ఆ సాక్సులు మళ్ళీ పై సొరుగులో సర్దేశారు. అమ్మాయికి, తమ్ముడు ప్రభువు దగ్గరికి వెళ్ళాడని చెప్పాం. అది తల ఊపింది. ఆ తర్వాత మా ఇంట్లో ఆ మాట లేదు.

సంఘం మమ్మల్ని చేతుల్లో పెట్టుకుని చూసుకుంది. ఇంటి ముందు గిన్నెలు, డబ్బాలు, ఫ్లాస్కులు. అమ్మగారు మా వంటింట్లో నిలబడి నాకు చారు కాచి పెట్టారు. వచ్చిన ప్రతివాళ్ళూ నా తల మీద చెయ్యి పెట్టి, దేవుడు పొరపాటు చెయ్యడమ్మా అన్నారు. నేను ప్రతివాళ్ళకీ ఆమేన్ అన్నాను.

లోపల మాత్రం దేవుడి మీద నాకు పట్టలేని కోపం. మళ్ళీ తెల్లవారకముందే లేచేదాన్ని, అలవాటు కదా. మోకాళ్ళ మీద కూచునేదాన్ని. ప్రార్థించడానికి నోరు వచ్చేది కాదు. ఆయన పేరు ఎత్తడానికే మనసొప్పేది కాదు. అధ్యాయం మాత్రం చదివేదాన్ని, తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి, ఆఫీసులో ఎవరో రాసిన రిపోర్టు చదివినట్టు. చదివి లేచి దోసెలు పోసేదాన్ని. నెలల పాటు అంతే. క్రమశిక్షణ అన్నది నాకు లేకపోతే ఆ ఏడాదే విశ్వాసం వదిలేసి ఉండేదాన్ని. మనసు రానప్పుడు కూడా మోకాళ్ళు వెళ్ళాయి. అందుకే దాన్ని ఎవరైనా తేలికచేసి మాట్లాడితే నాకు మండుతుంది.

చలికాలం చివర్లో ఒకనాడు పొద్దున, బయట మంచు తోసే బండి చప్పుడు వింటూ, నాకు నీ మీద కోపంగా ఉంది అని పైకి అనేశాను. తెలుగులో. గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషితో అన్నట్టు. ఆకాశం బద్దలవలేదు, జవాబూ రాలేదు. కాని ఎవరో విన్నారనిపించింది. విని వెళ్ళిపోకుండా అక్కడే ఉన్నారనిపించింది. చాలాసేపు ఏడ్చాను. ఆ మర్నాటి నుంచి ఒక్కో మాటే ప్రార్థన తిరిగొచ్చింది.

నా విశ్వాసంలో నాదంటూ ఏదైనా ఉంటే ఆ ఉదయమే. మిగతాదంతా విన్నది, చదివింది, తర్జుమా చేసింది. ఆ ఉదయం సంగతి నేను అయ్యగారికి చెప్పలేదు, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పే ఆదివారాల్లో లేచి నిలబడి చెప్పలేదు, మా ఆయనకి కూడా చెప్పలేదు. వాక్యం అందించే మనిషి నోట దేవుడి మీద కోపమన్న మాట ఏం బావుంటుంది అనుకున్నాను.

రెండు మూడేళ్ళు గడిచాక అయ్యగారు ఒక ఆదివారం తన చిన్నతనం చెప్పారు. తన తమ్ముడు కాలవలో పడి చనిపోయాడట. జనం శవాన్ని గట్టు మీద పెట్టినప్పుడు ఆయన ఆ బురదలోనే మోకరించి, ఎందుకు అని దేవుణ్ణి అడగకుండా ఆమేన్ అన్నారట. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆయనకి అలాగే జరిగి ఉంటుంది. హాల్లో ఆడవాళ్ళు చున్నీలతో కళ్ళు ఒత్తుకుంటున్నారు. మా ఆయన తల దించుకున్నారు.

ఆయన నేను మోకరించాను అంటే, నేనూ మైకులో నేను మోకరించాను అన్నాను. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు అన్నాను. తర్జుమా అంటే అంతే కదా. నా పక్కన తొట్టి ఉంది. గొంతు ఇసుమంతైనా వణకలేదు. పెద్దాయన చూసి ఉంటే మెచ్చుకునేవారు. అప్పుడు మా అమ్మాయి కుర్చీలో వెనక్కి తిరిగింది. హెడ్‌సెట్‌ని రెండు చేతులతో చెవులకి అదుముకుని, గాజులోంచి నన్ను చూసింది. నాకు ఆ చూపు అందింది. కాని మాట తప్పిపోతుందని మళ్ళీ అయ్యగారి పెదవులవైపు చూశాను.

ఆ సాయంత్రం వంటింట్లో నేను పెరుగన్నం కలుపుకుంటుంటే వచ్చి నిలబడింది.

"అమ్మా, అది ట్రూనా?"

"ఏది?"

"గాడ్‌ని వై అని అడగలేదు అన్నావు కదా. బేబీ పోయినప్పుడు నువ్వు అడగలేదా?"

"అన్నది నేను కాదు నాన్నా, అయ్యగారు. నేను తర్జుమా చేశానంతే."

"ఐ నో. కానీ నువ్వు అడిగావా?"

ఆ ఉదయం మొత్తం నా నాలుక మీదికి వచ్చింది. మంచు బండి చప్పుడుతో సహా వచ్చింది. పిల్లకి పదమూడేళ్ళు. ఇప్పుడు నాకు కోపమొచ్చిందని చెబితే దాని విశ్వాసం కదిలిపోతుందేమో అనిపించింది. ఆ మధ్యాహ్నమే అంత గట్టి వాక్యం విన్న చెవుల్లో నా ముక్కలైన మాటలు వెయ్యడమేమిటి అనిపించింది. పైగా గొంతు రాసుకుపోయి ఉంది.

"వాక్యం విన్నావుగా. అంతా అందులోనే ఉంది" అన్నాను.

అది "ఓకే" అని తన గదిలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ విషయం ఎప్పుడూ అడగలేదు. దేవుడి గురించే నన్ను ఏమీ అడగలేదు.

ఆ తర్వాతి ఏళ్ళు నా పరిచర్యకి మంచి ఏళ్ళు. మా పిల్లల్లో చాలామంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆంటీ మాటల వల్లే అర్థమైంది అని నీళ్ళలోంచి లేచి చెప్పారు. మోరిస్‌విల్‌లో తెలుగు సంఘాలవాళ్ళు యువజన కూటాలకి పిలిస్తే విమానమెక్కి వెళ్ళి తర్జుమా చేశాను. అక్కడ వేదిక మీద ఒకరు, దేవుడు వాడుకుంటున్న పాత్ర అని నా గురించి చెబుతుంటే తల దించుకున్నాను గాని, లోపల ఎంత సంతోషించానో నాకు తెలుసు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళలో మా అమ్మాయి లేదు. దానికి తొందరేముంది అని అడిగినవాళ్ళకి చెప్పేదాన్ని.

హైస్కూల్లోకి వచ్చాక అది హెడ్‌సెట్‌ని మెడకి వేలాడేసుకుని కూచోవడం మొదలుపెట్టింది. గాజులోంచి నాకు కనబడేది. నా గొంతు దాని మెడ దగ్గర ఎవరికీ వినబడకుండా మాట్లాడుకుంటూ ఉండేది. ఒళ్ళు మండి మా ఆయనతో అన్నాను. ఆయన, "నువ్వు మైకు లేకుండా ఒకసారి మాట్లాడి చూడరాదూ దాంతో" అన్నారు. "మైకు లేనప్పుడే కదా అన్నీ మాట్లాడుతున్నాను. హోంవర్కు చేశావా, తిన్నావా, జాకెట్ వేసుకున్నావా..." అని నేనే ఆగిపోయాను. ఆయన ఎప్పుడూ అక్కడితో ఆపేస్తారు. అది మంచితనమో చేతకానితనమో నాకిప్పటికీ తెలీదు.

కాలేజీకి వెళ్ళాక చర్చికి రావడం మానేసింది. గొడవేమీ జరగలేదు. "సండే నాకు స్టడీ గ్రూప్ ఉందమ్మా" అనేది, తర్వాత అదీ చెప్పడం మానేసింది. ప్రార్థన విన్నపాలు చెప్పుకునే సమయంలో ఎవరో సహోదరి, దారి తప్పిన మా సంఘపు బిడ్డ కోసం అంటూ దాని సంగతి ఎత్తింది. లేచి వెళ్ళి ఆవిడ నోరు మూయాలన్నంత కోపమొచ్చింది. కూచునే ఉన్నాను.

తర్వాత ఒక ఆదివారం, ప్రసంగం అయిపోయి నేను మైకు తుడుచుకుంటుంటే పన్నెండేళ్ళ పిల్ల ఒకతె హెడ్‌సెట్ ఇవ్వడానికి గదిలోకి వచ్చింది. వచ్చినది వెళ్ళకుండా నిలబడింది. "ఆంటీ, మీ వాయిస్ వింటే నాకు చాలా బావుంటుంది. మా అమ్మ నాతో ఇలా మాట్లాడదు. అక్క ఎంత లక్కీనో, ఇంట్లో రోజూ మీరు చెబుతారు కదా" అంది. మా అమ్మాయిని ఈ పిల్లలందరూ అక్క అంటారు. నేను ఆ పిల్లకి థాంక్స్ చెప్పి పంపించి, తలుపు వేసుకుని, ఆ కుర్చీలో అలాగే కూచుండిపోయాను. మా ఆయన వచ్చి బిర్యానీ అయిపోతోంది అని పిలిచేదాకా లేవలేదు.

ఆ శనివారం పొద్దున్నే కారు తీసుకుని అమ్మాయి చదివే ఊరికి బయల్దేరాను. దారిలో అయ్యగారి వాట్సాప్ మెసేజ్ వచ్చిన చప్పుడు వినబడింది. తెరిచి చూడలేదు. అన్నేళ్ళలో అది మొదటిసారి. దోవ పొడుగునా చెప్పాల్సినదాన్ని ఇంగ్లీషులో సర్దుకుంటూ వెళ్ళాను, ఏది ముందు, ఏది తర్వాత అని.

కాలేజీ దగ్గర నూడుల్స్ అమ్మే చిన్న హోటల్లో కూచున్నాం. ఎవరికైనా బాగాలేదా అనుకుని కంగారుపడింది పాపం. "అందరం బావున్నాం. నీకొకటి చెప్పాలి" అని ఇంగ్లీషులో మొదలుపెట్టాను. నీ తమ్ముడు పోయిన ఏడాది నేనొక కష్టమైన కాలం గుండా వెళ్ళాను, నా విశ్వాసానికి పరీక్ష ఎదురైంది, ఇలా ఏవో నాలుగు వాక్యాలు చెప్పాను. అది చాప్‌స్టిక్స్ పట్టుకుని వింటోంది. కాసేపయ్యాక మెత్తగా అంది.

"అమ్మా, నువ్వు హెడ్‌సెట్ వాయిస్‌లో మాట్లాడుతున్నావు."

నిజమే. ప్రతి వాక్యం పూర్తిగా, నున్నగా, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడ తీసుకుంటూ వస్తోంది. దాంతో ఇంగ్లీషులో మాట్లాడటానికి నాకు వేరే గొంతు లేదు. తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. రెండు ముక్కలు కాగానే, "స్లోగా చెప్పమ్మా, నాకు అంత రాదు" అంది.

చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాను. "నాకు కోపం వచ్చింది. దేవుడి మీద. చాలా కోపం. ప్రార్థన చెయ్యలేదు. చాలా నెలలు. ఊరికే చదివాను. తర్వాత ఒకరోజు, నాకు నీ మీద కోపంగా ఉంది అని ఆయనకి చెప్పాను. ఆయన విన్నాడు. వెళ్ళిపోలేదు." నా జీవితంలో జరిగిన అతి పెద్ద సంగతి అంతే అయింది. చెప్పడానికి నిమిషం కూడా పట్టలేదు.

అది చాప్‌స్టిక్స్ కింద పెట్టింది.

"నాకు కూడా కోపం వచ్చిందమ్మా" అంది. "ఇంట్లో నాకు ఒక్కదానికే అనుకున్నాను. నాన్న ఏం మాట్లాడలేదు. నువ్వేమో నా చెవిలో, గాడ్‌ని వై అని అడగలేదు అన్నావు. ఐ థాట్, నాలో ఏదో రాంగ్ ఉంది అని. చర్చ్ నాలాంటివాళ్ళకి కాదు అనుకున్నాను. అందుకే నిన్ను అడిగాను ఆ రోజు."

"గుర్తుంది" అన్నాను.

"నువ్వు అప్పుడు ఇది చెప్పి ఉంటే..." అంది. అది ఏమనబోయిందో ఊహించుకోవడం నాకు శిక్షగా మిగిలింది.

"ఇప్పుడు చెబుతున్నాను కదా నాన్నా."

"యా. ఇప్పుడు చెప్పావు." దాని గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బావుండేది. తిట్టే పిల్లని దగ్గరికి తీసుకోవచ్చు.

బయటికి వచ్చి కారు దగ్గర నిలబడ్డాం. అది మూడింటికి లైబ్రరీలో ఉండాలంది. "ప్రార్థన చేసుకుందామా?" అనడిగాను. చిన్నప్పుడు ఎక్కడికి బయల్దేరినా చేసేవాళ్ళం, దానిదే ఆఖరి ఆమేన్, గట్టిగా, మా ఆయన చెవులు మూసుకునేంత గట్టిగా. అది ఇబ్బందిగా నవ్వింది. "నాకు ఇప్పుడు రాదమ్మా. నువ్వు చెయ్యి, నేను వింటాను" అంది.

దాని చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఎవరి వెనకా కాకుండా, ఎవరి వాక్యమూ అందుకోకుండా, దాని ఎదుట మొదటిసారి నా మాటలతో ప్రార్థించాను. తడబడ్డాను. చెప్పిందే చెప్పాను. ఆలస్యం చేశానని చెప్పాను, నా కూతుర్ని కాపాడమని చెప్పాను, గొంతు ఇష్టమొచ్చినట్టు వణికింది. చివర ఆమేన్ అన్నాను. మా అమ్మాయి అనలేదు. కళ్ళు తెరిచి చూస్తే అది నావైపే చూస్తోంది, ఎంతసేపటి నుంచి చూస్తోందో.

"థాంక్స్ అమ్మా, దట్ వాజ్ నైస్" అంది, భోజనానికి పిలిచిన ఆంటీలతో అన్నట్టు. అని నా చెయ్యి వదిలింది.